పాత విమాన హ్యాంగర్‌ను రవాణా మ్యూజియంగా మార్చేటప్పుడు ముందుగా దేనిని చూడాలి?

ప్రశ్న: ఆర్కిటెక్చర్ విద్యార్థిని, సైదాబాద్

అందరికీ నమస్కారం. చివరి సంవత్సరపు థీసిస్ కోసం, పాత విమాన హ్యాంగర్‌ను రవాణా మ్యూజియంగా మార్చడం అనే అంశాన్ని ఎంచుకున్నాను. స్థలం బేగంపేట విమానాశ్రయపు ఆవరణ అని ఊహించుకున్నాను. 2008 మార్చిలో శంషాబాద్ విమానాశ్రయం మొదలైన నాటి నుంచి ప్రయాణికుల విమానాలు అక్కడికి రావడం ఆగిపోయింది కాని, వైమానిక దళపు కార్యకలాపాలు, ప్రముఖుల రాకపోకలు, శిక్షణ విమానాలు, రెండేళ్లకొకసారి జరిగే విమాన ప్రదర్శన నేటికీ అక్కడే ఉన్నాయి. ఆవరణలో ఉన్న ఏ నిర్దిష్టమైన కట్టడాన్నీ నేను తీసుకోలేదు. 1940 ప్రాంతపు హ్యాంగర్లలో తరచుగా కనిపించే ఇనుప ట్రస్సులు (కప్పును మోసే త్రికోణపు కట్లు), రేకుల కప్పు, పక్కకు జరిగే పెద్ద తలుపులు ఉన్న ఒక నమూనాను గీసుకుని దానిమీద పనిచేస్తున్నాను.

మా గైడ్ గారు రెండు ప్రశ్నలు వేశారు. విమానాల కోసం కట్టిన ఇంట్లో విమానాల మ్యూజియం పెట్టక బస్సులను, రైళ్లను కూడా ఎందుకు తీసుకురావాలి అన్నది మొదటిది. హ్యాంగర్‌లో ఏది మార్చవచ్చు, ఏది ముట్టుకోకూడదు అన్నది రెండవది. ఈ రెండింటికీ జవాబుగా ఎస్తోనియా రాజధాని తాలిన్‌లోని సముద్ర విమానాల హ్యాంగర్లను చూపించబోతే, అది చలిదేశమనీ, అక్కడి కప్పు కాంక్రీటుదనీ, మే నెలలో హైదరాబాద్‌లో రేకుల కప్పు కింద నిలబడి ఆ పోలిక చెప్పమనీ అన్నారు. ఆ మాటలో న్యాయం ఉందనే నాకూ అనిపిస్తోంది. నిర్మాణం, వస్తు పరిరక్షణ, మన రవాణా చరిత్ర తెలిసినవారు ఎవరైనా దారి చూపగలరా?

సమాధానం: విశ్రాంత నిర్మాణ ఇంజనీరు, తార్నాక

అమ్మా, మీ గైడ్ గారి అభ్యంతరం సగం వరకే సరైనది. తాలిన్ నుంచి మనం తెచ్చుకోవలసినది వాతావరణానికి సంబంధించిన పాఠం కాదు, కట్టడాన్ని చూసిన పద్ధతి. ఆ హ్యాంగర్లను 1916, 1917 సంవత్సరాలలో రష్యా చక్రవర్తి నౌకాదళం కోసం క్రిస్టియాని అండ్ నీల్సన్ అనే డెన్మార్క్ సంస్థ కట్టింది. ఒక్కొక్కటి సుమారు 36 మీటర్ల పరపు (ఆధారాల నడుమ దూరం) ఉన్న మూడు ఆర్‌సీసీ గుమ్మటాలు వరుసగా ఉంటాయి. నడుమ స్తంభాల వరుస లేకుండా అంత స్థలాన్ని కప్పిన ఆ కాంక్రీటు పెంకు మందం శిఖరం దగ్గర ఎనిమిది సెంటీమీటర్లే అంటే, కంప్యూటర్లు లేని కాలంలో లెక్క కట్టిన ఆ ఇంజనీర్లకు చేయెత్తి నమస్కరించాలి. ఆ తరవాత సోవియట్ కాలంలో అది సైనిక ఆవరణగా ఉండిపోయి, పట్టించుకునేవారు లేక కాంక్రీటు రాలి, ఉక్కు చువ్వలు బయటపడి, బాగా శిథిలమైంది. 2012 మేలో దానిని ఎస్తోనియా సముద్ర మ్యూజియంలో భాగంగా ప్రజలకు తెరిచారు.

అక్కడ వారు చేసిన మంచి పని ఒకటుంది. మూడు గుమ్మటాల కింది ఖాళీని గదులుగా కోయలేదు. సందర్శకులు నేలమీద కాక ఎత్తున కట్టిన వంతెన వంటి దారిలో నడుస్తారు. సముద్రం లోపలివి కింద, నీటిమీద తేలేవి నడుమ, ఎగిరేవి పైన వచ్చేలా వస్తువులను అమర్చారు. 1936లో ఇంగ్లండ్‌లోని బారోలో తయారైన లెంబిట్ అనే జలాంతర్గామిని, సుమారు 60 మీటర్ల పొడవు, 600 టన్నుల బరువు ఉన్నదానిని, 2011లో ఒడ్డుకు లాగి లోపల నిలబెట్టారు. ఆ కాలపు షార్ట్ 184 అనే బ్రిటిష్ సముద్ర విమానపు పూర్తి పరిమాణపు ప్రతిరూపాన్ని దానికి పైభాగంలో వేలాడదీశారు. ఎక్కడ నిలబడినా తలెత్తితే గుమ్మటం మొత్తం కనిపిస్తుంది. మీ రెండవ ప్రశ్నకు నా జవాబు ఇందులోనే ఉంది. హ్యాంగర్‌లో మార్చకూడనిది కప్పు కింద ఉన్న ఖాళీ. గోడకు రంగు మార్చవచ్చు, తలుపుకు అద్దం పెట్టవచ్చు, నేల కింద గొట్టాలు వేయవచ్చు. ఆ ఖాళీని అడ్డగోడలతోనూ ఫాల్స్ సీలింగుతోనూ నింపిన మరుక్షణం అది మామూలు గోదాము అవుతుంది, అప్పుడు దానికోసం పాత కట్టడాన్ని వెతుక్కోవలసిన పని లేదు.

ఇక కప్పు పరపు దగ్గరకు వద్దాం, విద్యార్థులు ఎక్కువగా తడబడేది ఇక్కడే. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో బ్రిటన్‌లో కట్టిన హ్యాంగర్లకు బెల్‌ఫాస్ట్ ట్రస్ అనే కొయ్య దూలకట్టు వాడారు. పొట్టి, సన్నని కొయ్య ముక్కలను వలలాగా అల్లి మేకులతో బిగించి, పైన విల్లులా వంచిన కట్టు అది. పెద్ద దూలాలు దొరకని రోజులలో చవకగా, త్వరగా వెడల్పైన కప్పు వేయడానికి పనికివచ్చింది. ఇంగ్లండ్‌లోని డక్స్‌ఫర్డ్‌లో అటువంటి హ్యాంగర్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి, అక్కడ మ్యూజియమే నడుస్తోంది. వాటి పరపు సుమారు 80 అడుగులు. నిజాం కాలపు మన విమాన సంస్థ దక్కన్ ఎయిర్‌వేస్ నడిపిన డకోటా అనే ప్రయాణికుల విమానపు రెక్కల వెడల్పు సుమారు 95 అడుగులు. అంటే 1918 నాటి విమానాలకు సరిపోయిన కప్పు, ముప్పై ఏళ్లు తిరగకుండానే మామూలు ప్రయాణికుల విమానానికి కూడా చాలలేదు. కాబట్టి మీరు గీసిన నమూనాలో తలుపు తెరిచినప్పుడు దొరికే ఖాళీ ఎంతో ముందు కొలవండి, ఆ తరవాతే వస్తువుల జాబితా రాసుకోండి. బొమ్మలో లోపల పెట్టిన విమానం తలుపులో నుంచి రాలేనిదైతే పరీక్షకులు మొదట పట్టుకునేది దానినే.

నేల గురించి ఒక మాట. హ్యాంగర్ నేల విమానపు చక్రాల బరువుకు వేసినది. నిండు బరువుతో ఉన్న డకోటా పన్నెండు టన్నుల దాకా ఉంటుంది, అందులో ఎక్కువ భాగం ముందున్న రెండు చక్రాలమీదే పడుతుంది. మీటర్ గేజ్ ఆవిరి ఇంజనులో ఒక్కొక్క ఇరుసుమీదా పది టన్నులకు అటూ ఇటూగా బరువు పడుతుంది, అటువంటి ఇరుసులు వరుసగా నాలుగైదు ఉంటాయి. అందువల్ల ఇంజనును పాత నేలమీద నేరుగా నిలపకండి. ఒక పట్టీ మేరకు నేలను తవ్వి, కంకర పరిచి, స్లీపర్లు వేసి, పట్టాలు పరవాలి. ఇందులో అదనపు ఖర్చు ఉన్నా, పట్టాలమీద నిలిచిన ఇంజనును చూడటానికీ సిమెంటు దిమ్మెలమీద పెట్టిన ఇంజనును చూడటానికీ ఎంతో తేడా ఉంది.

సమాధానం: రవాణా చరిత్ర పాఠకుడు, చిలకలగూడ

మీ గైడ్ గారి మొదటి ప్రశ్నకు నేను జవాబు చెప్పే ప్రయత్నం చేస్తాను. ఇతర నగరాల సంగతి ఎలా ఉన్నా, హైదరాబాద్‌లో విమానాన్ని బస్సు నుంచీ రైలు నుంచీ విడదీసి చూపితే చరిత్రకు అన్యాయం జరుగుతుంది. ఇక్కడ 1874లో, ఇప్పటి కర్ణాటకలోని వాడి అనే ఊరి నుంచి సికింద్రాబాద్‌కు రైలు వచ్చింది. ఆ వ్యవస్థే కాలక్రమాన నిజాం స్టేట్ రైల్వే అయింది. 1932 జూన్‌లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో మొదలైన రోడ్డు రవాణా విభాగం ఆ రైల్వేలోనే పుట్టింది. అంటే మన ఆర్టీసీకి పుట్టిల్లు రైల్వేయే. రైలు లేని ఊళ్లకు బస్సు, బస్సు చేరలేని దూరాలకు విమానం అన్న వరుసలో ఒకే సంస్థానం ఆలోచించి నడిపిన వ్యవస్థ ఇది. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దక్కన్ ఎయిర్‌వేస్‌ను స్థాపించారు, దానికి బేగంపేటయే కేంద్రం. 1953 ఆగస్టులో జాతీయం చేసినప్పుడు అది మరికొన్ని సంస్థలతో పాటు ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. బస్సులేమో 1951 నవంబరులో రైల్వే నుంచి విడిపోయి హైదరాబాద్ రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చి, 1958 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీగా మారాయి.

కాలం చూడండి. 1951లో బస్సు, 1953లో విమానం వేరైపోయాయి. ఈ మూడూ ఒకే నగరంలో ఒకే కాలంలో పక్కపక్కన పెరిగాయన్న సంగతి ఆ తరవాతి తరాలకు కనబడకుండా పోవడానికి ఆ విడిపోవడమే కారణమని నా అభిప్రాయం. ఇప్పుడు రైల్వే చరిత్రను రైల్వేవారు, బస్సు చరిత్రను ఆర్టీసీవారు, విమాన చరిత్రను ఎవరికి వారు చెప్పుకుంటున్నారు. వీటిని మళ్లీ ఒక కప్పు కిందికి తేవడానికి హ్యాంగర్ కంటే వీలైన కట్టడం ఏముంది? రైలు షెడ్డులో విమానం పట్టదు, బస్సు డిపోలో రైలింజను పట్టదు, హ్యాంగర్‌లో మాత్రం మూడూ పడతాయి. గైడ్ గారికి ఈ ముక్క చెప్పి చూడండి.

వస్తువుల విషయానికి వస్తే, 1932 నాటి ఆల్బియన్ బస్సు ఒకటి ఆర్టీసీవారు భద్రపరచినది ఉంది. ఆల్బియన్ అంటే గ్లాస్గోలో వాహనాలు తయారు చేసిన స్కాట్లండ్ సంస్థ. మన బస్సుల నంబరు పలకలమీద ఇప్పటికీ కనిపించే జెడ్ అక్షరం ఏడవ నిజాం తల్లి జహ్రా బేగం పేరు నుంచి వచ్చిందని నగరంలో చెప్పుకుంటారు. ఇటువంటి సంగతి పిల్లలకు ఏ ఇంజను వివరం కంటే కూడా బాగా గుర్తుంటుంది. 2003 ప్రాంతం వరకు తిరిగిన పాత డబుల్ డెక్కర్లు, 2023లో వచ్చిన విద్యుత్ డబుల్ డెక్కర్లు కూడా ఈ కథలో ఉన్నాయి. సుమారు నాలుగున్నర మీటర్ల ఎత్తున్న డబుల్ డెక్కర్ హ్యాంగర్‌లోకి తల వంచకుండా వస్తుంది.

ఈ సందర్భంలో మీ థీసిస్‌లో తప్పకుండా ఉండవలసిన విమానం ఒకటుంది. అది లండన్‌లో ఉంది, విచిత్రంగా అదీ హ్యాంగర్‌లను మార్చి కట్టిన మ్యూజియంలోనే. మొదటి ప్రపంచ యుద్ధం చివరి రోజులలో బ్రిటిష్ వైమానిక దళపు 110వ స్క్వాడ్రన్‌కు డీహెచ్ 9ఏ బాంబర్ల ఖర్చును ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ భరించారు. అందువల్లనే ఆ స్క్వాడ్రన్ పేరులో హైదరాబాద్ చేరింది, ఒక్కొక్క విమానంమీదా నిజాం కానుక అన్న మాట రాశారు. ఆ విమానాలలో ఎఫ్ 1010 అనే సంఖ్య గలది 1918 అక్టోబరు 5న జర్మనీమీద దాడికి వెళ్లి శత్రువుల చేతికి చిక్కింది. జర్మనులు దానిని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు. రెండవ ప్రపంచ యుద్ధంలో బాంబులకు భయపడి అక్కడి విమానాలను తూర్పుకు తరలించినప్పుడు అది పోలండ్ చేరింది, యుద్ధం ముగిశాక క్రాకోవ్‌లోనే ఉండిపోయింది. 1977లో ఒక స్పిట్‌ఫైర్ యుద్ధ విమానాన్ని మారుగా ఇచ్చి బ్రిటన్ దానిని వెనక్కి తెచ్చుకుంది. ఇప్పుడు హెండన్‌లోని రాయల్ ఎయిర్‌ఫోర్స్ మ్యూజియం సేకరణలో ఉంది. 1972లో తెరిచిన ఆ మ్యూజియం ప్రధాన భవనాన్ని, మొదటి యుద్ధ కాలపు రెండు హ్యాంగర్లను కలిపి రూపొందించారు. ఇంజనీరు గారు చెప్పిన బెల్‌ఫాస్ట్ ట్రస్సులే అక్కడ కూడా ఉన్నాయి.

మన ఊరి పేరు మోసిన విమానం హ్యాంగర్ మ్యూజియంలో ఉండగా, దాని కథ చెప్పే చోటు మన ఊళ్లో ఒక్కటీ లేకపోవడం నాకు ఎప్పుడూ వెలితిగానే ఉంటుంది. అసలు విమానాన్ని ఎవరూ ఇవ్వరు, అడగనూ కూడదు. దాని పూర్తి పరిమాణపు ప్రతిరూపం చేయించవచ్చు. కొయ్య చట్రం, బట్ట తొడుగు ఉన్న విమానం కాబట్టి బరువూ తక్కువే.

సమాధానం: ప్రైవేటు ఉద్యోగి, ఉప్పల్

పై రెండు సమాధానాలూ చదివి ఆనందించాను. అయినా ఒక సందేహం తప్పడం లేదు. ఇటువంటి మ్యూజియానికి మొదటి ఏడాది జనం వస్తారు, తరవాత బడి పిల్లల బస్సులు మాత్రమే వస్తాయి. పైగా వైమానిక దళం ఉన్న ఆవరణలోకి సామాన్యులు ఎలా వెళ్తారు? గేటు దగ్గర గుర్తింపు కార్డు చూపించి, సంచీ విప్పి, ఫోను అప్పగించి లోపలికి వెళ్లవలసి వస్తే ఆదివారం పూట పిల్లలతో ఎవరు వస్తారు? థీసిస్‌లో ఈ విషయానికి కూడా ఒక పేజీ కేటాయించండి.

సమాధానం: మ్యూజియం వస్తు పరిరక్షకురాలు, హిమాయత్‌నగర్

ఉప్పల్ మిత్రుడి సందేహం న్యాయమైనదే. దానికి జవాబు ప్లానులోనే ఉంటుంది. మ్యూజియం ప్రవేశం రోడ్డువైపు ఉండాలి, రన్‌వేవైపు తలుపులు మ్యూజియం వేళల్లో మూసి ఉండాలి, విమానాన్ని లోపలికి తెచ్చే రోజున మాత్రమే తెరుచుకోవాలి. హ్యాంగర్‌కు రెండు ముఖాలుంటాయి కనుక ఇది వీలయ్యే పనే.

నా విభేదం ఇంజనీరు గారితో. ఆయన కట్టడం పక్షాన మాట్లాడారు, నేను లోపల ఉండబోయే వస్తువుల పక్షాన మాట్లాడతాను. హ్యాంగర్ అనేది విమానానికి వాన తగలకుండా, మెకానిక్‌కు నీడ ఉండేలా కట్టినది. అందులో విమానం కొన్ని రోజులు ఉండి ఎగిరిపోతుంది. మ్యూజియంలో వస్తువు వంద ఏళ్లు కదలకుండా ఉండాలి. ఈ రెండు అవసరాలూ ఒకటి కావు. తాలిన్ జలాంతర్గామికి కాంక్రీటు గుమ్మటం నీడ దొరికింది. మన విశాఖలో ఐఎన్ఎస్ కురుసుర జలాంతర్గామి 2002 నుంచి బీచ్ ఒడ్డున ఉప్పుగాలిలోనే ఉంది, 2017లో దాని ఎదురుగా చేరిన టీయూ 142 విమానం కూడా ఆరుబయటే ఉంది. అటువంటి చోట తుప్పుతో పోరాటం ఏ ఏడాదీ ఆగదు. కాబట్టి కప్పు ఉండటమే గొప్ప మేలు, ఆ విషయంలో వివాదం లేదు. ఏ కప్పు, దాని కింద ఎటువంటి గాలి అన్నదే ప్రశ్న.

అమెరికాలోని ఓరెగాన్ తీరంలో టిల్లమూక్ అనే చోట రెండవ ప్రపంచ యుద్ధంలో గాలినౌకల కోసం రెండు హ్యాంగర్లు కట్టారు. ఉక్కు కొరత వల్ల మొత్తం కొయ్యతోనే కట్టారు. ఒక్కొక్కటి 1,072 అడుగుల పొడవు, 296 అడుగుల వెడల్పు, 192 అడుగుల ఎత్తు. వాటిలో ఒకటి 1992లో అగ్నిప్రమాదంలో పూర్తిగా కాలిపోయింది. అప్పుడు అందులో ఎండుగడ్డి నిల్వ చేసి ఉంది. మిగిలిన దానిలో విమాన మ్యూజియం నడుస్తోంది. అందులో ఉన్న పెద్ద సేకరణ యజమాని 2014లో తన పాత విమానాలను అదే రాష్ట్రంలో పొడిగాలి ఉండే మాడ్రస్ అనే ఊరికి తరలించుకుపోయాడు. సముద్రపు తేమే అందుకు కారణం. ప్రపంచంలోని అతి పెద్ద కొయ్య కట్టడాలలో ఒకటైనా, తేమను ఆపలేకపోయింది. వస్తువులు అందుకే వెళ్లిపోయాయి.

మన హైదరాబాద్ పరిస్థితి మరో రకం. ఏప్రిల్, మే మధ్యాహ్నాలలో గాలిలో తేమ ఇరవై, ముప్పై శాతానికి పడిపోతుంది, జులై, ఆగస్టులలో ఎనభై దాటుతుంది. పీఠభూమి పొడిగాలి లోహానికి మంచిదే కాని, బస్సు సీట్ల తోలుకూ, పాత రైలు పెట్టెల టేకు పలకలకూ, కొయ్య విమానపు చట్రానికీ ఈ ఎగుడుదిగుడే శత్రువు. పొడిగా ఉన్నప్పుడు ముడుచుకుని, తడిగా ఉన్నప్పుడు ఉబ్బి, కొన్ని ఏళ్లకు పలక చీలుతుంది. లోహానికి తేమ అరవై శాతం దాటితే తుప్పు వేగం పెరుగుతుంది. వానలు వెనుకబట్టాక తెల్లవారుజామున చల్లబడిన రేకు లోపలివైపు మంచు పట్టి, బొట్లు బొట్లుగా కింద ఉన్న వాహనంమీద పడే సంగతి రేకుల షెడ్డులో పనిచేసినవారందరికీ తెలుసు. ఒకే చోట రోజూ పడే ఆ బొట్టు ఏ వానకంటే కూడా ఎక్కువ చెరుపు చేస్తుంది.

దీనికి మందు ఏసీ అనుకోకండి. అంత ఎత్తున్న ఖాళీని చల్లబరచడానికి అయ్యే విద్యుత్తు బిల్లును ఏ మ్యూజియమూ మోయలేదు, పెద్ద తలుపు ఒకసారి తెరిస్తే చల్లదనమంతా బయటికి పోతుంది. రేకుపైన బయటివైపు ఉష్ణ నిరోధక పొర వేయండి, దానిమీద తెల్లని కప్పు వేయండి. అలా చేస్తే లోపలి నుంచి ట్రస్సులూ రేకులూ యథాతథంగా కనిపిస్తాయి, ఇంజనీరు గారి ఖాళీకీ భంగం రాదు. శిఖరంలో వేడిగాలి పోయే సందులు, కింద గాలి వచ్చే జాలీలు పెట్టండి. ఎగిరే ధూళినీ పావురాలనూ ఆపే సన్నని వల ఆ జాలీలకు తప్పనిసరి. పావురాల సంగతి చిన్నదిగా కనిపిస్తుంది కాని, మక్కా మసీదు ముందు గింజలు చల్లే ఈ నగరంలో ఎత్తైన దూలాలున్న ఏ షెడ్డునూ అవి వదలవు. వాటి రెట్టలోని ఆమ్లం రంగునూ అల్యూమినియం రేకునూ తినేస్తుంది. ఇక కాగితాలు, ఫొటోలు, యూనిఫారాలు, టికెట్లు, తోలు వస్తువులు వంటివాటికి హ్యాంగర్ లోపలే వేరుగా నిలిచే రెండు మూడు చిన్న గదులు కట్టి, వాటికి మాత్రమే ఏసీ ఇవ్వండి. ఇంట్లో బీరువాలాగా ఈ గదులుంటాయన్నమాట.

కప్పు పాతదైతే ఆస్‌బెస్టాస్ కలిసిన సిమెంటు రేకులు ఉండే అవకాశం ఎక్కువ. వాటిని పగలగొట్టడం, రంధ్రాలు చేయడం ప్రమాదం, ఆ నార ఊపిరితిత్తులలో చేరితే జీవితాంతం వదలదు. ఏ పని మొదలుపెట్టడానికైనా ముందు ఆ రేకులను పరీక్ష చేయించి, తీయవలసి ఉంటే నీళ్లు చల్లుతూ, ముసుగులు ధరించి, ముక్కలు కాకుండా దింపే ఏర్పాటు చేయాలి. ప్లానులో ఈ దశను ప్రత్యేకంగా చూపండి.

వాహనాలకు మామూలుగా చేయవలసినవి మీకు తెలిసే ఉంటాయి కనుక క్లుప్తంగా చెబుతాను. ఇంధనం, నూనె, నీరు తీసేయాలి. టైర్లమీద బరువు పడకుండా ఇరుసుల కింద జాకీలు గాని, స్టాండ్లు గాని పెట్టాలి. చుట్టూ మనిషి వంగి తుడవడానికి చోటు వదలాలి.

విద్యార్థిని మళ్లీ అడుగుతున్నారు

ఇంత శ్రద్ధగా రాసినందుకు మీ అందరికీ కృతజ్ఞతలు. రైలు, బస్సు, విమానం ఒకే సంస్థానంలో పక్కపక్కన పెరిగాయన్న వాదం మా గైడ్ గారికి నచ్చుతుందని నమ్మకం కలిగింది. రెండు అనుమానాలు మిగిలాయి. డకోటాను తాలిన్‌లో లాగా కప్పుకు వేలాడదీసి, కింద బస్సులు, ఇంజను పెట్టాలని మొదటి నుంచి నా కోరిక. అది సాధ్యమా? మరొకటి, ఇటువంటి కట్టడానికి చట్టపరమైన రక్షణ ఏదైనా ఉంటుందా, లేక ఎవరైనా ఎప్పుడైనా కూల్చేయవచ్చా?

సమాధానం: విశ్రాంత నిర్మాణ ఇంజనీరు, తార్నాక

ముందుగా పరిరక్షకురాలు గారి మాటకు. బయటివైపు ఉష్ణ నిరోధక పొర అన్న సూచనతో నాకు పూర్తి అంగీకారం. అయితే ఆ పొర బరువునూ, దానివల్ల కప్పుమీద పెరిగే గాలి ఒత్తిడినీ ట్రస్సు తట్టుకోగలదా అన్న లెక్క ముందు కట్టాలి. పాత ట్రస్సుల రివెట్ల దగ్గర తుప్పు ఎంత లోతుకు వెళ్లిందో కొలవకుండా దానిమీద ఒక్క కిలో కూడా పెంచకూడదు.

ఇప్పుడు మీ కోరిక. వద్దు. డకోటా ఖాళీగా ఉన్నప్పుడే ఏడు టన్నులు దాటుతుంది. వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ విమాన మ్యూజియంలో ఒక డీసీ 3 (డకోటాకు మూలమైన విమానం) కప్పుకు వేలాడుతూ ఉంటుంది, నిజమే. 1976లో తెరిచిన ఆ భవనాన్ని, విమానాలను వేలాడదీయబోతున్నామని ముందే తెలిసి, అందుకు తగిన ఉక్కుతో కట్టారు. మీ నమూనా హ్యాంగర్ ట్రస్సు తన రేకులనూ, గాలినీ, మరమ్మతుకు ఎక్కే నలుగురు మనుషులనూ మోయడానికి లెక్క కట్టినది. తాలిన్‌లో పైన ఉన్న షార్ట్ 184 ప్రతిరూపం తేలికైనది. బరువైన జలాంతర్గామిని వారు నేలమీదే నిలిపారు, గమనించండి. మీరు కూడా అలాగే చేయండి. చిలకలగూడ మిత్రుడు చెప్పిన డీహెచ్ 9ఏ ప్రతిరూపాన్ని పైకి ఎక్కించండి, అది కూడా పాత ట్రస్సుకు కాక, నేల నుంచి స్వతంత్రంగా లేచే కొత్త ఉక్కు కాళ్లమీద నిలిచేలా. డకోటాను నేలమీద ఉంచండి. దాని తోక చక్రం వెనుక ఉండి ముక్కు పైకెత్తి నిలబడుతుంది, దాని పక్కనే ఒక ఆల్బియన్ బస్సును నిలపండి. ఆ రెంటినీ ఒకే చూపులో పట్టేలా నిలబెడితే మీ మొదటి ప్రశ్నకు అక్కడే జవాబు దొరుకుతుంది.

నడక దారిని కూడా అదే పద్ధతిలో స్వతంత్రంగా కట్టండి. పాత స్తంభాలకు వెల్డింగు చేయవద్దు. ముందుముందు మ్యూజియం తీసేయవలసి వచ్చినా హ్యాంగర్‌కు గాయం లేకుండా విప్పగలిగేలా ఉండాలి. ప్రేక్షకుడు ట్రస్సు ఎత్తుకు చేరువగా వెళ్లగలిగితే, రివెట్లు, అతుకులు, తయారీదారు ముద్రలు కళ్లెదుట చూడగలుగుతాడు.

చట్టం సంగతి. కేంద్ర ప్రభుత్వపు పురాతన కట్టడాల చట్టం 1958 నాటిది, దాని ప్రకారం కనీసం వంద ఏళ్లు నిండిన కట్టడాలనే పురాతనమైనవిగా పరిగణిస్తారు. 1940 ప్రాంతపు హ్యాంగర్‌కు ఆ రక్షణ దొరకదు. రాష్ట్రంలో 2017లో తెలంగాణ వారసత్వ చట్టం వచ్చింది. వారసత్వ కట్టడాల జాబితాలో చేర్పించుకునే ప్రయత్నం ఆ దారిలో జరగాలి. వైమానిక దళానికో, విమానాశ్రయ సంస్థకో చెందిన భూమిమీద ఉన్న కట్టడమైతే వారి అంగీకారం లేకుండా ఏదీ కదలదు. ఆ అంగీకారం దొరకాలంటే వారికి కూడా లాభం కనిపించాలి. రెండేళ్లకొకసారి విమాన ప్రదర్శన జరిగే చోట, ఆ నాలుగు రోజులూ పెద్ద తలుపులు రన్‌వేవైపు తెరిచి, మ్యూజియాన్ని ప్రదర్శనలో భాగం చేసే ప్లాను గీయండి. పరిరక్షకురాలు గారు ధూళి గురించి అభ్యంతరం చెబుతారు, చెప్పనివ్వండి. ఆ నాలుగు రోజులు తుడవడానికి ఎంత మంది కావాలో ఆవిడనే అడిగి, సిబ్బంది పట్టికలో రాసుకోండి.

సమాధానం: మ్యూజియం వస్తు పరిరక్షకురాలు, హిమాయత్‌నగర్

అభ్యంతరం చెప్పను, షరతు చెబుతాను. తలుపులు తెరిచే నాలుగు రోజులూ బట్ట తొడుగు ఉన్న డీహెచ్ 9ఏ ప్రతిరూపానికీ, బస్సు సీట్లకూ పలుచని నూలుగుడ్డ కప్పి ఉంచాలి. ప్లాస్టిక్ పట్టా కప్పితే లోపల చెమ్మ నిలుస్తుంది, అది వద్దు. తరవాత తుడిచేటప్పుడు తడిగుడ్డ వాడకుండా మెత్తని బ్రష్‌తో ధూళిని వాక్యూమ్ గొట్టంలోకి తోయాలి. ఒక్కొక్క వాహనానికి ఇద్దరు చొప్పున, పై నుంచి కిందికి, ఒక రోజు పని అని రాసుకోండి. నడక దారి గీసేటప్పుడు విమానపు రెక్క పైభాగాన్ని తుడవడానికి చేరుకునే చోటు ఒకటి దానిలోనే పెట్టండి. చాలా మ్యూజియాలలో ఆ చోటు ఉండదు, అందుకే రెక్కలమీద ఏళ్ల తరబడి ధూళి అట్టకట్టి ఉంటుంది.